ఫ్యాక్టరీ ఆగిపోయాక: పాలిషింగ్ లైను నుంచి టెక్నాలజీ పనికి మారడం ఎలా?

చీమకుర్తి వైపు గ్రానైట్ ఫ్యాక్టరీ ఒక్కరోజులో మూతపడదు. ముందు రాత్రి షిఫ్టు తీసేస్తారు. తర్వాత జీతం పదో తారీఖు నుంచి ఇరవయ్యో తారీఖుకు జరుగుతుంది. కొన్నాళ్లకు బ్లాకులు రావడం తగ్గుతుంది. ఆర్డర్లు లేవంటారు, కరెంటు బిల్లు కట్టలేకపోతున్నామంటారు. చివరికి ఒక పొద్దున గేటు దగ్గర వాచ్‌మన్ "మేనేజరు గారు ఫోన్ చేస్తామన్నారు, అప్పుడు రండి" అంటాడు. ఆ ఫోన్ రాదు.

నేను పదకొండేళ్లు లైన్ పాలిషర్ ఆపరేటర్‌గా చేశాను. రాతి స్లాబులు బెల్టు మీద కదులుతుంటే, వరసగా ఉన్న హెడ్లు దిగి వాటిని మెరుగుపెట్టే మిషన్ అది. నల్లరాయిలో బంగారు చుక్కలు మెరిసే బ్లాక్ గెలాక్సీ స్లాబులు ఎన్ని నా కళ్ల ముందు నుంచి పోయాయో లెక్కలేదు. ఆ పని పోయాక ఇంకో పనిలో కుదురుకోవడానికి ఏడాదిన్నర పట్టింది. ఇప్పుడు గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్ పారిశ్రామిక వాడలో ఒక యూనిట్‌లో ఆటోమేషన్ టెక్నీషియన్‌ని. ఆదివారాలు మా వరండాలో ఐదారుగురికి నేర్పుతున్నాను. ఆ ఏడాదిన్నరలో సగం కాలం నాకు తప్పు దారిలోనే పోయింది. మీకు అలా కాకూడదని ఇది రాస్తున్నాను.

ఒక్క మాట ముందే చెబుతాను. "టెక్నాలజీ అంటే కోడింగ్, అది మనకెక్కడొస్తుంది" అని చాలామంది అక్కడే ఆగిపోతారు. లేదా "అన్నీ మర్చిపోయి మొదటి నుంచి నేర్చుకోవాలి" అనుకుని భయపడతారు. రెండూ నిజం కాదు. పదేళ్లు మిషన్ నడిపినవాడికి సగం వచ్చు. ఆ సగాన్ని వదిలేసి పరుగెత్తడమే అసలు నష్టం.

మొదటి వారం: కాయితాలు చేతికి రావాలి

కోర్సుల సంగతి తర్వాత. ఆఫీసులో అకౌంటెంట్ ఇంకా కూర్చుని ఉన్నప్పుడే వెళ్లండి. తాళం పడ్డాక ఎవరి సంతకం కోసం ఎవరి చుట్టూ తిరగాలో తెలియదు. సర్వీస్ సర్టిఫికెట్ అడగండి. అందులో మీ హోదా "వర్కర్" అని కాకుండా, నిజంగా ఏ మిషన్ మీద చేశారో అది రాయించుకోండి: "లైన్ పాలిషర్ ఆపరేటర్", "మల్టీవైర్ ఆపరేటర్", "ఈఓటీ క్రేన్ ఆపరేటర్". రేపు శిక్షణకైనా, ఉద్యోగానికైనా ఆ రెండు మాటలే మిమ్మల్ని నిలబెడతాయి. జీతం చీటీలు, పీఎఫ్ యూఏఎన్ నంబరు, ఈఎస్ఐ నంబరు ఒక కవర్లో పెట్టుకోండి. చీటీలు ఇవ్వని చోట చేసినవాళ్లు బ్యాంకు పాస్‌బుక్ ఎంట్రీలు, గేటు పాసు, సూపర్‌వైజర్ షిఫ్టు వేసిన వాట్సాప్ మెసేజ్‌లు దాచుకోండి. అవి కూడా సాక్ష్యమే. మేస్త్రీ దగ్గరో, ఓనరు దగ్గరో అడ్వాన్సు బాకీ ఉంటే ఎంత ఉందో కాయితం మీద తేల్చుకోండి.

తర్వాత రావాల్సిన డబ్బు. ఐదేళ్లు నిండినవాళ్లకు గ్రాట్యుటీ వస్తుంది. లెక్క సులువు: చివరి నెల బేసిక్, డీఏ కలిపి 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. చివరి జీతం 13,000 అయి ఎనిమిదేళ్లు చేసి ఉంటే 60,000 రూపాయలు. ఎవరూ వచ్చి చేతిలో పెట్టరు, రాతపూర్వకంగా అడగాలి. ఏడాదిలో 240 రోజులు పనిచేసిన కార్మికుణ్ని తొలగిస్తే ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున పరిహారం ఇవ్వాలన్నది పాత చట్టం నుంచీ ఉంది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో ఇంకొకటి కలిసింది, ఇది మన విషయానికి నేరుగా పనికొచ్చేది. తొలగించిన ప్రతి కార్మికుడి కోసం యజమాని పదిహేను రోజుల జీతం "రీ-స్కిల్లింగ్ ఫండ్"లో జమ చేయాలి. ఆ డబ్బు 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలి. కొత్త పని నేర్చుకోవడానికే ఆ డబ్బు. మీకు వర్తిస్తుందేమో ఒంగోలులోని కార్మిక శాఖ కార్యాలయంలో అడగండి. ఒక్కరే కాకుండా నలుగురైదుగురు కలిసి, అర్జీ రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర వేయించుకుని తిరిగి రండి.

ఈఎస్ఐ కట్టినవాళ్లకు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద సగటు జీతంలో సగం చొప్పున గరిష్ఠంగా 90 రోజుల భృతి ఉంది. జీవితంలో ఒకసారే. ఈ పథకం గడువును పొడిగిస్తూ వస్తున్నారు కాబట్టి మీరు వెళ్లేనాటికి అమల్లో ఉందా, మీ చందా రోజులు సరిపోతాయా అన్నది ఈఎస్ఐ బ్రాంచి ఆఫీసులో ముందే కనుక్కోండి.

పీఎఫ్ విషయంలో ఒక తప్పు అందరం చేస్తాం. ఉద్యోగం పోగానే నెట్ సెంటర్‌కి వెళ్లి పెన్షన్ భాగంతో సహా మొత్తం లాగేయాలని చూస్తాం. పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. ఏడేళ్లో, ఎనిమిదేళ్లో చేసి ఆ భాగం తీసేసుకుంటే ఆ ఏళ్లు పోయినట్టే. ఫారం 10సీలో డబ్బుకు బదులు స్కీమ్ సర్టిఫికెట్ అడగండి, కొత్త ఉద్యోగంలో ఆ సర్వీసు కలుస్తుంది.

ఇంకొక్కటి, దయచేసి వాయిదా వేయకండి. ఈఎస్ఐ కార్డు పనిచేస్తుండగానే ఛాతీ ఎక్స్‌రే తీయించుకోండి. ముఖ్యంగా పొడి కటింగ్, డ్రిల్లింగ్ చేసినవాళ్లు. రాతి దుమ్ముతో వచ్చే సిలికోసిస్ వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది, పరిహారం అడిగే హక్కు ఉంది. ఏళ్ల తర్వాత దగ్గుతూ వెళ్లి "అప్పుడు అక్కడ చేశాను" అని నిరూపించుకోవడం చాలా కష్టం.

ఇంట్లో కూర్చుని వేయాల్సిన లెక్క

ఒక ఆదివారం మీ ఇంటావిడతో, లేదా మీ ఆయనతో, కూర్చోండి. బియ్యం, సరుకులు, అద్దె, పిల్లల ఫీజు, డ్వాక్రా వాయిదా, బంగారం మీద వడ్డీ, చీటీ. అన్నీ ఒక కాయితం మీద వేసి, చేతిలో ఉన్న డబ్బుతో ఎన్ని నెలలు గడుస్తుందో చూడండి. మూడు నెలలే వస్తే పూర్తికాల కోర్సు జోలికి పోకండి. పగలు ఏదో ఒక పని, సాయంత్రం రెండు గంటలు చదువు. ఇదే నిలబడే పద్ధతి. నేను ముందు పూర్తిగా ఇంట్లో కూర్చుని నేర్చుకుందామనుకున్నాను. రెండో నెలకల్లా టెన్షన్‌తో పుస్తకంలో ఒక్క ముక్క ఎక్కేది కాదు.

పగటి పని కూడా మీరు వెళ్లాలనుకునే దారిలోనే ఉంటే మేలు. ఎలక్ట్రికల్ ప్యానెల్ బోర్డులు కట్టే షాపు, మోటార్లు వైండింగ్ చేసే షాపు, సోలార్ పెట్టే కాంట్రాక్టర్, సీసీ కెమెరాలు బిగించే కుర్రాళ్లు. వీళ్ల దగ్గర హెల్పర్‌గా చేరండి. పాత జీతం రాదు. నాకు నెలకు 6,000 తగ్గింది. ఆ ఆరు వేలు నా ఫీజు అనుకున్నాను, వేరే ఫీజు ఎవరికీ కట్టక్కర్లేకపోయింది.

మీకేం వచ్చో రాసుకోండి

ఇది చాలామంది దాటేసే మెట్టు. మా వరండాకి వచ్చిన ప్రతివాళ్లతో ముందు ఇదే చేయిస్తాను. "నాకేం వచ్చు తమ్ముడూ, బటన్ నొక్కడం వచ్చు" అన్నాడు ఒక పెద్దాయన. పద్నాలుగేళ్లు పాలిషింగ్ లైను మీద చేసినాయన. "సరే బాబాయ్, స్లాబు మీద గీత పడితే ఏం చూస్తారు?" అని అడిగాను. ఆయన ఆగకుండా పావుగంట చెప్పారు. ఏ హెడ్ దగ్గర గీత మొదలైందో ఎలా పడతారు, ఆంపియర్ మీటరు ముల్లు ఎంత దాటితే అబ్రేసివ్ (పాలిష్ రాయి) అరిగినట్టు, నీళ్లు తగ్గితే శబ్దం ఎలా మారుతుంది, బేరింగ్ పోయేముందు వాసన ఎలా వస్తుంది. ఇవన్నీ నేను ఒక నోటుబుక్కులో రాసి ఆయనకే చదివి వినిపించాను. ఆయన కాసేపు మాట్లాడలేదు.

లోపం ఎక్కడుందో వెతికి పట్టుకోవడం, ఇంగ్లీషులో ట్రబుల్‌షూటింగ్ అంటారే, టెక్నాలజీ ఉద్యోగాల్లో కంపెనీలు వెతికేది ఆ గుణాన్నే. కంప్యూటర్ పాఠాల్లో అది నేర్పరు. మీరు చేసే పని ఏదైనా సరే, ఇలా రెండు పేజీలు రాసుకోండి. రేపటి ఇంటర్వ్యూలో మీరు చెప్పబోయేది అదే.

దారి ఎంచుకోవడం

మిషన్ ఆపరేటర్లు, ఎలక్ట్రీషియన్లు, ఫిట్టర్లు ఆటోమేషన్ వైపు రండి. మిషన్‌ను తనంతట తాను నడిపే పీఎల్‌సీ అనే చిన్న కంప్యూటర్, మోటారు వేగం మార్చే డ్రైవ్‌లు, ఎదురుగా ఏముందో కనిపెట్టే సెన్సర్లు. ముత్తుకూరు మండలం పంటపాలెం వైపు నూనె శుద్ధి ఫ్యాక్టరీలు, నేలటూరు థర్మల్ కేంద్రం, కృష్ణపట్నం పోర్టు, రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు, మన గ్రానైట్ యూనిట్లు కూడా, అన్నీ వీటి మీదే నడుస్తాయి. నా ఉద్దేశంలో మన ప్రకాశం, నెల్లూరు జిల్లాల కార్మికులకు అన్నిటికన్నా దగ్గరి దారి ఇదే, అందుకే దీని గురించి కింద ఎక్కువ రాశాను.

కటింగ్, డిజైన్, మాన్యుమెంట్ (సమాధి రాళ్ల) పనిచేసినవాళ్లకు కంప్యూటర్‌లో డ్రాయింగ్ గీసే ఆటోక్యాడ్, ఆ డ్రాయింగ్ ప్రకారం కోసే సీఎన్‌సీ మిషన్లు. రాయి ఎక్కడ పగులుతుందో మీ చేతికి తెలుసు, అది తెలియని డిజైనర్ గీసిన గీత రాయి మీద నిలవదు. డబ్బులు పెట్టకుండా మొదలుపెట్టడానికి ఆటోక్యాడ్ లాంటిదే లిబ్రేక్యాడ్ ఉచితం.

కొలతలు, మార్కింగ్, ప్యాకింగ్, డిస్పాచ్‌లో చేసినవాళ్లు, వీళ్లలో ఆడవాళ్లు చాలామంది, ఎక్సెల్, ట్యాలీ, స్టాకు సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. స్లాబు 280 సెంటీమీటర్లు, 170 సెంటీమీటర్లు అని చాక్‌పీసుతో రాసి కాలిక్యులేటర్‌లో గుణించి 10,000తో భాగించేవారు కదా, 4.76 చదరపు మీటర్లు. ఎక్సెల్‌లో ఆ సూత్రం ఒక గడిలో ఒకసారి రాసి కిందికి లాగితే నూట యాభై స్లాబుల ప్యాకింగ్ లిస్టు రెండు నిమిషాల్లో వస్తుంది. మా వాకిట్లో ఒక అక్క మొదటిసారి అలా లాగి, వచ్చిన జవాబులు నమ్మలేక ఒక్కొక్కటీ కాలిక్యులేటర్‌తో సరిచూసుకుంది. అన్నీ సరిపోయాయి. ఆ సరిచూసుకునే అలవాటు మాత్రం వదులుకోవద్దని చెప్పాను.

కరెంటు పని తెలిసి ఎత్తులకు భయపడనివాళ్లకు సోలార్. 2024 ఫిబ్రవరిలో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక ఇళ్లమీద ప్యానెళ్లు పెట్టే పని పెరిగింది, 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. నెట్‌వర్కింగ్, సీసీ కెమెరాలు, ఫైబర్ పని కూడా ఇలాంటిదే. సిస్కో నెట్‌వర్కింగ్ అకాడమీలో మొదటి పాఠాలు, ప్యాకెట్ ట్రేసర్ అనే అభ్యాస సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతాయి.

ఇక కోడింగ్. డిగ్రీ చదివి ఫ్యాక్టరీలో చేరిన పాతికేళ్ల పిల్లలు, లెక్కలంటే ఇష్టం ఉన్నవాళ్లు తప్పకుండా ప్రయత్నించండి. కానీ ఇద్దరు పిల్లలున్న నలభై ఏళ్ల మనిషిని "మూడు నెలల్లో సాఫ్ట్‌వేర్ ఇంజినీర్" అని ఎవరైనా పిలిస్తే ఆ మాట నమ్మి అప్పు చేయకండి.

కంప్యూటర్ అంటే భయం పోవడానికి ఒక నెల

సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ చాలు. మొదటి నెల చేయాల్సినవి ఇవే: రోజూ ఇరవై నిమిషాలు టైపింగ్, ఫోల్డర్లు చేసి ఫైళ్లు దాచడం, ఈమెయిల్‌కి ఫైలు జతచేసి పంపడం, ఎక్సెల్‌లో ఇంటి ఖర్చు. రాయి పట్టిన వేళ్లకి మౌస్ పట్టు రావడానికి వారం పడుతుంది. గట్టిగా పట్టుకుంటారు, మణికట్టు నొప్పి పుడుతుంది. మౌస్‌ను బల్ల మీద తేలికగా వదిలి, వేలు మాత్రమే కదపండి.

ఇంగ్లీషు గురించి కుంగిపోవద్దు. ట్రిప్, ఓవర్‌లోడ్, ఫాల్ట్, రీసెట్, ప్రెజర్ లో, ఎమర్జెన్సీ స్టాప్. ఈ మాటలు ఎంత కాలంగా వాడుతున్నారు? మిషన్ మాన్యువల్‌లో సగం ఇవే ఉంటాయి. రోజుకు ఒక పేజీ మాన్యువల్ చదివి, తెలియని మాటలు తెలుగులో రాసుకోండి.

కేంద్ర ప్రభుత్వ సంస్థ నీలిట్ వాళ్ల సీసీసీ అనే 80 గంటల కంప్యూటర్ కోర్సు ఉంది. దానికి కనీస చదువు నిబంధన లేదు, సొంతంగా చదివి పరీక్ష రాయొచ్చు. మొదటి సర్టిఫికెట్‌గా అది మంచిది. పదో తరగతి ఆగిపోయినవాళ్లు ఈలోపు ఓపెన్ స్కూల్‌లో కట్టండి, చాలా తలుపులు పది దగ్గరే మూసుకుంటాయి.

మొదటి పాఠం: స్టార్ట్, స్టాప్

పీఎల్‌సీ అంటే ప్యానెల్ లోపల ఉండే చిన్న కంప్యూటర్. బయటి నుంచి బటన్లు, సెన్సర్లు ఏం చెబుతున్నాయో చూస్తుంది, మనం రాసిన షరతుల ప్రకారం మోటార్లను, వాల్వులను నడుపుతుంది. దానికి రాసే భాష పేరు ల్యాడర్, అంటే నిచ్చెన. రెండు నిలువు గీతలు, మధ్యలో మెట్లలా అడ్డగీతలు. ఎడమ నుంచి కుడికి కరెంటు పోతుందనుకోండి. దారిలో ఉన్న అన్ని షరతులూ ఒప్పుకుంటేనే కుడి చివరనున్న మోటారు తిరుగుతుంది.

ఓపెన్‌పీఎల్‌సీ ఎడిటర్ ఉచిత సాఫ్ట్‌వేర్. డెల్టా కంపెనీ పీఎల్‌సీలకు వాడే డబ్ల్యూపీఎల్‌సాఫ్ట్ కూడా డబ్బులు లేకుండానే దొరుకుతుంది, మిషన్ లేకుండా తెర మీదే నడిపి చూసుకోవచ్చు. మొదట ఈ ఒక్క మెట్టు గీయండి: స్టాప్ బటన్, స్టార్ట్ బటన్, మోటారు. స్టార్ట్ నొక్కితే మోటారు తిరుగుతుంది, వేలు తీస్తే ఆగిపోతుంది. ఫ్యాక్టరీలో అలా ఆగదు కదా? ఎందుకంటే మోటారుకి కరెంటు కలిపే స్విచ్ అయిన కాంటాక్టర్‌కే ఉన్న ఒక కాంటాక్టు స్టార్ట్ బటన్‌కి పక్కదారి వేస్తుంది. మోటారు తిరుగుతున్నంతసేపు ఆ పక్కదారిలో కరెంటు పోతుంది, వేలు తీసినా ఆగదు. దీన్ని హోల్డింగ్ అంటారు. స్టాప్ నొక్కితే అసలు దారే తెగుతుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు మోటారు దానంతటది తిరగకపోవడానికి కారణం కూడా ఇదే. ఇన్నేళ్లుగా మీరు చూస్తున్నదే, ఇప్పుడు గీత రూపంలో కనబడుతుంది.

ఇప్పుడు పాలిషింగ్ లైనుకి రండి. హెడ్ ఎప్పుడు దిగాలి? కింద స్లాబు ఉండాలి, నీళ్లు వస్తుండాలి, గాలి ప్రెజర్ సరిపోవాలి, ఎమర్జెన్సీ నొక్కి ఉండకూడదు. నాలుగూ ఒకే మెట్టు మీద వరసగా పెట్టండి. అదే ప్రోగ్రామ్. నాలుగింట్లో ఏది తప్పినా హెడ్ దిగదు. "హెడ్ దిగడం లేదు" అని ఆపరేటర్ పిలిస్తే ఇకమీదట మీరు వెతికేదీ ఈ నాలుగే, వరసగా.

తర్వాత టైమర్. స్లాబును చూసే సెన్సర్ ముందు ఉంటుంది, హెడ్ 60 సెంటీమీటర్ల అవతల ఉందనుకుందాం. బెల్టు నిమిషానికి ఒక మీటరు కదిలితే స్లాబు అంచు హెడ్ కిందికి రావడానికి 36 సెకన్లు. టైమర్‌లో 36 పెట్టాం, బాగా నడుస్తోంది. సూపర్‌వైజర్ వచ్చి ప్రొడక్షన్ తక్కువైందని బెల్టును మీటరున్నరకి పెంచాడు. టైమర్ మాత్రం 36 దగ్గరే ఉంది. ఆ 36 సెకన్లలో స్లాబు 90 సెంటీమీటర్లు వెళ్లిపోతుంది. హెడ్ దిగేసరికి ముందు 30 సెంటీమీటర్లు పాలిష్ లేకుండా దాటిపోయింది.

ఈ మాట చెప్పగానే మా వరండాలో కూర్చున్న పెద్దాయన తొడ చరిచి, "అదా సంగతి! స్పీడు పెంచినప్పుడల్లా ముందంచు మసకగా వచ్చేది, నన్ను తిట్టేవాళ్లు" అన్నారు. అందుకే మంచి మిషన్లలో కాలం లెక్కపెట్టరు, బెల్టు ఎంత దూరం కదిలిందో ఎన్‌కోడర్ అనే సెన్సర్‌తో లెక్కపెడతారు. ఆ తేడా అర్థమైన రోజు మీరు ఆపరేటర్ దశ దాటినట్టు.

చేత్తో చేసి చూడాలంటే 24 వోల్టుల సప్లై, రెండు బటన్లు, ఒక రిలే, ఒక చిన్న బల్బుతో చెక్క మీద బిగించుకోండి. ఇంట్లో 230 వోల్టుల మీద ప్రయోగాలు వద్దు. పక్కన తెలిసినవాళ్లు లేకుండా లైవ్ ప్యానెల్ తలుపు తెరవద్దు.

ఈ పాఠాల తర్వాత వరస ఇలా పెట్టుకోండి: కౌంటర్లు, వస్తువు దగ్గరికొస్తే పసిగట్టే ప్రాక్సిమిటీ సెన్సర్ల వైరింగ్, మోటారు వేగం మార్చే వీఎఫ్‌డీ డ్రైవ్, టచ్ స్క్రీన్, చివర్లో ప్లాంటు మొత్తాన్ని తెర మీద చూసి నడిపే స్కాడా. రోజుకి రెండు గంటల చొప్పున ఆరు నెలలు పడుతుంది. తొందరపడితే ఏదీ నిలవదు.

శిక్షణ ఎక్కడ, సర్టిఫికెట్ ఎలా

ప్రభుత్వ ఐటీఐలో చేరడానికి 14 ఏళ్లు నిండితే చాలు, గరిష్ఠ వయసు అడ్డు లేదు. రెగ్యులర్‌గా వెళ్లలేనివాళ్లకు ఇంకో దారి ఉంది. ఒక ట్రేడులో కనీసం మూడేళ్ల అనుభవం ఉంటే ప్రైవేటు అభ్యర్థిగా ట్రేడ్ టెస్ట్ రాయొచ్చు. సర్వీస్ సర్టిఫికెట్‌లో మిషన్ పేరు రాయించుకోమన్నది ఇందుకే. నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ ఐటీఐల్లో అడగండి. మీకు ఉన్న పనితనానికే సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి కూడా స్కిల్ ఇండియాలో ఉంది. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ కేంద్రాల్లో ఏ బ్యాచ్‌లు నడుస్తున్నాయో కనుక్కోండి. పల్లెల వాళ్లకు బ్యాంకులు నడిపే ఆర్‌సెటీ కేంద్రాల శిక్షణ చాలా ఉపయోగం, భోజనం, వసతితో సహా ఉచితం. సీసీ కెమెరాల అమరిక, సెల్‌ఫోన్ రిపేరు లాంటివి రెండు వారాల నుంచి నెలలో నేర్పుతారు.

వెళ్లేముందు ఒక పని చేయండి. రాయి పనిలో మన వేలిముద్రలు అరిగిపోతాయి. శిక్షణ కేంద్రంలో హాజరు యంత్రం మీద వేలు పెడితే తీసుకోదు. మాతో వచ్చిన ఒక కటింగ్ అన్న రోజూ వచ్చినా యంత్రంలో సగం రోజులు గైర్హాజరే పడింది. చేరకముందే ఆధార్ కేంద్రానికి వెళ్లి బయోమెట్రిక్స్ మళ్లీ ఇవ్వండి, ఫోన్ నంబరు లింకు చేయించుకోండి. కంటిపాప (ఐరిస్)తోనో, ముఖంతోనో హాజరు తీసుకోమని మొదటి రోజే అడగండి.

డబ్బు కట్టేముందు

నేను 38,000 పోగొట్టుకున్నాను. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్, పేరు ఇక్కడ అనవసరం. "కోర్సు అవగానే ఉద్యోగం గ్యారంటీ, అనుభవం సర్టిఫికెట్ మేమే ఇస్తాం" అన్నారు. మా ఆవిడ గాజులు పెట్టి కట్టాను. మూడు నెలలు నా భాష కాని భాషలో పాఠాలు, ఒక్క మిషన్ ముట్టుకోనివ్వలేదు. చివర్లో చేతిలో పెట్టింది నేను ఎన్నడూ చూడని కంపెనీలో రెండేళ్లు పనిచేసినట్టు దొంగ కాయితం. దాన్ని నేను వాడలేదు. వాడి ఉంటే బ్యాక్‌గ్రౌండ్ చెకింగ్‌లో దొరికిపోయి, నా నిజమైన పదకొండేళ్ల అనుభవం కూడా అబద్ధం కింద లెక్కయ్యేది.

కాబట్టి ఫీజు కట్టేముందు ఒక రోజు క్లాసులో కూర్చోనివ్వమని అడగండి. ఒక్కొక్కరికి మిషన్ మీద ఎన్ని గంటలు ఇస్తారో అడగండి. గత బ్యాచ్‌లో చదివినవాళ్లలో ఇద్దరితో మీరే ఫోన్లో మాట్లాడండి. ఒకేసారి మొత్తం కట్టకండి, రసీదు లేకుండా అసలు కట్టకండి. ఉద్యోగం ఇప్పిస్తామని ఫోన్లో "రిజిస్ట్రేషన్ ఫీజు" అడిగేవాళ్లు దొంగలే. డబ్బు పంపేసి ఉంటే సిగ్గుపడి కూర్చోకుండా వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఉద్యోగం వెతకడం

ఫోన్లో వందల చోట్ల అప్లై చేయడం కన్నా మన ప్రాంతంలో మనిషిని పట్టుకోవడమే పనిచేస్తుంది. మీ పాత ఫ్యాక్టరీకి మిషన్ సర్వీసు చేయడానికి వచ్చే టెక్నీషియన్లు ఉంటారు కదా, వాళ్ల నంబర్లు తీసుకోండి. ఏ ప్లాంటులో మనుషులు కావాలో వాళ్లకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నాకు ఇప్పటి ఉద్యోగం అలాగే వచ్చింది. డ్రైవ్ రిపేరుకి వచ్చే అన్నతో రెండు నెలలు ఊరికే తోడు తిరిగాను, ఒకచోట ఆయనే నా పేరు చెప్పారు.

బయోడేటా ఒక పేజీ చాలు. ఏ మిషన్లు, ఎన్నేళ్లు, ఏ లోపాలు సరిచేశారు, కొత్తగా ఏం నేర్చుకున్నారు. మీ చెక్క మీది స్టార్ట్, స్టాప్ సర్క్యూట్ వీడియో, ఒక నిమిషంది, ఫోన్లో పెట్టుకోండి. ఇంటర్వ్యూలో తెలుగులో మాట్లాడొచ్చా అని అడగడంలో తప్పులేదు. "తెలియదు సర్, కానీ ఇలా వెతుకుతాను" అని వరస చెప్పండి. ప్లాంటులో మనిషిని ఎంచుకునేవాళ్లు ఆ వరస కోసమే చూస్తారు. మీకన్నా పదిహేనేళ్లు చిన్న కుర్రాడు మీ పై అధికారి కావచ్చు. అతన్ని "సర్" అనడానికి మొదటి వారం మనసు ఒప్పదు. అతని దగ్గర ల్యాప్‌టాప్ పని నేర్చుకోండి, మీరు అతనికి మిషన్ చప్పుడు వినడం నేర్పండి. నాకూ నా ఇంజినీరుకీ అలాగే కుదిరింది.

చేరిన మొదటి నెల

జేబులో చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. ఏ రోజు ఏ మిషన్ ఆగింది, తెర మీద ఏం చూపింది, ఏం చేస్తే నడిచింది రాయండి. ఆరు నెలలకి ఆ ప్లాంటులో మీ పుస్తకం కోసం వెతుకుతారు.

ప్రోగ్రామ్‌లో ఒక్క అంకె మార్చాలన్నా, ముందు ఉన్నదాన్ని ల్యాప్‌టాప్‌లోకి తీసుకుని మిషన్ పేరు, తేదీ వేసి దాచండి. ఇంకో కాపీ పెన్‌డ్రైవ్‌లో. ఆ తర్వాత ప్రొడక్షన్ వాళ్లకి చెప్పి, లైను దగ్గర మనుషులెవరూ లేరని మీ కళ్లతో చూసుకుని, అప్పుడు మార్చండి. మార్చినదేంటో, ఎందుకో ప్యానెల్ తలుపు లోపలి వైపు ఒక చీటీ అంటించండి. రాత్రి షిఫ్టులో అది తెరిచేవాడికి మీ ఫోన్ నంబరు కూడా దాని మీదే ఉండాలి.